రెప్పల ఆపరేషన్ ముందు చేయించుకుంటే తప్పేమిటి?

ప్రశ్న: నా వయసు 36. రెండేళ్ళ క్రితం థైరాయిడ్ ఎక్కువైందని, అది గ్రేవ్స్ జబ్బు అని చెప్పారు. మందులతో ఇప్పుడు రిపోర్టులు నార్మల్‌గానే వస్తున్నాయి. కళ్ళు మాత్రం ముందుకు వచ్చేశాయి, ఎడమది ఎక్కువ. ఎరుపు, నొప్పి ఉన్నప్పుడు 12 వారాలు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, అవి తగ్గాయి. ఈ మధ్య మార్పేమీ లేదనుకుంటున్నాను. పొద్దున్నే పైకి చూస్తే ఒక్కోసారి రెండుగా కనిపిస్తుంది. కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడే ఉద్యోగం నాది. "ఎందుకు మేడమ్, అంత కోపంగా చూస్తున్నారు?" అని రోజూ ఎవరో ఒకరు అంటారు. ఫొటోలు దిగడం మానేశాను. ఒక డాక్టర్ పై రెప్పలు కిందికి దించే చిన్న ఆపరేషన్ చేస్తే చాలన్నారు. ఇంకొకరు ముందు కంటి గూడు ఎముక తియ్యాలి, అదీ ఆరు నెలలు ఆగాక అన్నారు. మా ఆయనేమో "అందం కోసం ఎముకలు కోయించుకుంటావా" అంటున్నారు. (ఆయనకు సిగరెట్ అలవాటు ఉంది, నాకు లేదు.) ఎవరి మాట వినాలి? ఉద్యోగానికి ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి?

జవాబు: రెండో డాక్టర్ చెప్పిన వరస సరైనది. మీకు ఎముక ఆపరేషన్ అవసరమా కాదా అన్నది వేరే సంగతి. అది మిమ్మల్ని పరీక్షించి, మీతో మాట్లాడి తేల్చాల్సింది. కానీ అవసరమైతే మాత్రం అదే ముందు, రెప్పలు చివర. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు మీ ఆయన మాటకు జవాబు చెప్పాలి.

ఉన్న ముక్కు ఇంకాస్త సన్నగా ఉంటే బాగుండునని చేయించుకునే ఆపరేషన్ వేరు, ఇది వేరు. మీ ముఖాన్ని మార్చింది జబ్బు. మీరు అడుగుతున్నది రెండేళ్ళ క్రితం మీకున్న ముఖాన్నే. ఈ జబ్బు వచ్చినవాళ్ళ జీవితం ఎలా సాగుతోందో కొలవడానికి డాక్టర్లు వాడే ఒక ప్రశ్నావళి ఉంది. అందులో 16 ప్రశ్నలు. ఎనిమిది చూపు గురించి, తక్కిన ఎనిమిది రూపం గురించి. దారిలో జనం మిమ్మల్నే తేరిపార చూస్తున్నారనిపిస్తుందా, ఫొటోలు తప్పించుకుంటున్నారా అని కూడా అడుగుతుంది. అంటే మీ బాధ వైద్యులు లెక్కలోకి తీసుకునే బాధే. ఇంకో మాట కూడా మీ ఆయనతో చెప్పండి. రెప్పలు పైకి లాగేసి, గుడ్డు ముందుకు వచ్చిన కన్ను రాత్రిపూట పూర్తిగా మూతపడకపోవచ్చు. నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడే ప్రమాదం ఉంటుంది. రూపం కోసం చేసే ఈ ఆపరేషన్లు ఆ ప్రమాదాన్ని కూడా తగ్గిస్తాయి.

అసలు లోపల జరుగుతున్నదేమిటంటే, థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలే కంటి గుడ్డు వెనకున్న కణజాలం మీద కూడా పని చేస్తాయి. అక్కడి కొవ్వు పెరుగుతుంది, కంటిని తిప్పే కండరాలు ఉబ్బుతాయి, వాటిలో నీరు చేరుతుంది. కంటి గూడు మొత్తం పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు. నాలుగు వైపులా ఎముక గోడలు, ముందు మాత్రమే తెరిచి ఉంటుంది. చిన్న గదిలో సామాను పెరిగిపోతే తలుపు దగ్గరున్నది బయటికి తోసుకు వచ్చినట్టు, గుడ్డు ముందుకు వస్తుంది. థైరాయిడ్ రిపోర్టు నార్మల్ అయినా కళ్ళు ఎందుకు మామూలు కాలేదన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. ఎందుకంటే ఇది థైరాయిడ్‌తో పాటు వచ్చినా దాని దారి దానిదే. రిపోర్టు నార్మల్‌గా ఉండటం తప్పనిసరి, కానీ అది ఒక్కటే కన్నును వెనక్కి తీసుకురాదు.

ఇక ఆరు నెలల సంగతి. 1945లో ఫ్రాన్సిస్ రండల్ అనే ఆస్ట్రేలియా సర్జన్ ఈ జబ్బు నడకను గ్రాఫు గీసి చూపించారు. ఇప్పటికీ మేం అందరం ఆ గీతనే మనసులో పెట్టుకుని రోగిని చూస్తాం. మొదట జబ్బు పైకి ఎక్కుతుంది. ఎరుపు, వాపు, నొప్పి, రోజురోజుకీ మార్పు, అన్నీ అప్పుడే. ఈ దశ కొందరిలో ఆరు నెలల్లో ముగుస్తుంది, కొందరిలో రెండు మూడేళ్ళు నడుస్తుంది. తర్వాత కొంచెం దిగి, ఒక చోట నిలబడిపోతుంది. అలా నిలబడ్డాక మిగిలేది చల్లారిన జబ్బు వదిలిన మచ్చ. పెరిగిన కొవ్వు, గట్టిపడ్డ కండరం, పైకి పోయిన రెప్ప. ఆపరేషన్ బాగుచేసేది ఆ మచ్చనే. మంట ఇంకా రగులుతుండగా కోస్తే, ఇవాళ సరిచేసిన కొలత మూడు నెలల తర్వాత నిలవదు. పైగా కోత వల్లే జబ్బు మళ్ళీ రేగవచ్చు.

మీరు "ఈ మధ్య మార్పేమీ లేదనుకుంటున్నాను" అని రాశారు. అనుకోవడం సరిపోదు. రోజూ అద్దంలో చూసుకునేవాళ్ళకు ఒక మిల్లీమీటరు తేడా తెలియదు. హెర్టెల్ అనే చిన్న పరికరంతో గుడ్డు ఎంత ముందుకు ఉందో కొలుస్తారు. దాంతోపాటు రెప్పల ఎత్తు, కళ్ళు ఏ వైపు ఎంత తిరుగుతున్నాయి, రెండుగా కనిపించడం ఎంత ఉంది, ఇవన్నీ రాసిపెట్టాలి. రెండు మూడు నెలలకోసారి కొలిచినా అంకెలు మారకుండా ఆరు నెలలు గడవాలి. స్టెరాయిడ్ అయిపోయాక గడిచిన ఆరు నెలలే లెక్కలోకి వస్తాయి. ఇంజెక్షన్ల ప్రభావం ఉండగా ప్రశాంతంగా కనిపించే కన్ను తర్వాత మాట మార్చిన సందర్భాలు చాలా ఉంటాయి. మీకు చివరి ఇంజెక్షన్ ఎప్పుడు ఇచ్చారో రాయలేదు. ఆ తేదీ నుంచి లెక్క మొదలుపెట్టండి.

దీనికంతటికీ ఒక మినహాయింపు ఉంది, అది గుర్తుంచుకోవాలి. రంగులు వెలిసిపోయినట్టు కనిపించినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ వచ్చి నొప్పి పుట్టినా ఆరు నెలల మాట మర్చిపోయి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఉబ్బిన కండరాలు కంటి నరాన్ని నొక్కుతుంటే పెద్ద మోతాదులో స్టెరాయిడ్, దానికి లొంగకపోతే అత్యవసరంగా ఎముక ఆపరేషన్ చేస్తారు. అప్పుడు అందం ఊసే రాదు.

సరే, జబ్బు నిలబడింది అనుకుందాం. వరస ఇలా ఉంటుంది. ముందు కంటి గూడు (డీకంప్రెషన్), తర్వాత కంటి కండరాలు (మెల్లకన్ను ఆపరేషన్), చివర రెప్పలు. అందరికీ మూడూ అక్కర్లేదు. కొందరికి ఒక్క రెప్పలతో సరిపోతుంది. బహుశా మొదటి డాక్టర్ మిమ్మల్ని ఆ కోవలో చూసి ఉండవచ్చు. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది. పైకి చూస్తే, అదీ పొద్దున్నే, రెండుగా కనిపిస్తోందన్నారు. ఈ జబ్బులో మిగతావాటికంటే ఎక్కువగా దెబ్బతినేది గుడ్డు కిందున్న కండరం. అది గట్టిపడితే కన్ను పైకి పోవడానికి మొరాయిస్తుంది. రాత్రంతా పడుకున్నప్పుడు కళ్ళ చుట్టూ నీరు చేరుతుంది కాబట్టి పొద్దున ఎక్కువ. ఇందులో మీకు పనికొచ్చే మెలిక ఒకటుంది. కింది కండరం లాగుతుంటే, కన్నును నిటారుగా నిలబెట్టడానికి పై కండరం అదనంగా కష్టపడుతుంది. ఆ పై కండరంతో పాటే పని చేసేది రెప్పను లేపే కండరం. అంటే మీ పై రెప్ప అంత పైకి పోవడానికి కొంత కారణం రెప్పలో కాదు, గుడ్డు కింద ఉండవచ్చు. ఆ కింది కండరాన్ని సడలిస్తే పై రెప్ప దానంతటదే కొంత దిగుతుంది. ముందే రెప్పను దించేసి ఉంటే? అప్పుడది మరీ దిగి, నిద్రమొహంలా కనిపిస్తుంది. కింది రెప్ప సంగతి దీనికి తలకిందులు. కింది కండరాన్ని వెనక్కి జరిపినప్పుడు దానికి అంటుకుని ఉన్న కింది రెప్ప ఇంకా కిందికి పోతుంది. గుడ్డు వెనక్కి వెళ్ళినా రెప్పల కొలత మారుతుంది. అందుకే రెప్పల పని చివర. ముందే చేస్తే రెండోసారి, ఒక్కోసారి మూడోసారి అదే రెప్పను కోయాల్సి వస్తుంది.

డీకంప్రెషన్ అంటే మీ ఆయన భయపడుతున్నట్టు ముఖం ఎముకలు కోసెయ్యడం కాదు. కంటి గూటి లోపలి గోడల్లో కొంత భాగం తీసి, పెరిగిన కణజాలానికి పక్కనున్న ఖాళీలోకి చోటు ఇస్తారు. ముక్కు వైపు గోడ అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు, దాని అవతల సైనస్ ఖాళీ. కింది గోడ అవతల బుగ్గ సైనస్. చెవి వైపు గోడ మాత్రం మందం, దాన్ని లోపలి నుంచి డ్రిల్లుతో పలచన చేస్తారు. కొందరికి ఎముక ముట్టుకోకుండా కొవ్వు మాత్రమే తీసినా సరిపోతుంది. దాంతో సుమారు రెండు మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తుంది. గోడలు తీసేకొద్దీ నాలుగు, ఆరు, అవసరమైతే ఇంకాస్త. వినడానికి చిన్న అంకెలే గానీ, ముఖంలో మూడు మిల్లీమీటర్ల తేడా మనిషినే మార్చేస్తుంది. మీలా ఒక కన్ను ఎక్కువ ఉన్నవాళ్ళకు రెండు కళ్ళనూ ఒక కొలతకు తేవడమే అసలు పని. అందుకని ఒక్కో కంటికి వేర్వేరు గోడలు ఎంచుకోవచ్చు. కోతలు ఎక్కువగా కింది రెప్ప లోపలి పొరలోనో, పై రెప్ప మడతలోనో, కంటి మూల లోపలో పెడతారు. కొందరు ముక్కులోంచి ఎండోస్కోపుతో చేస్తారు. బయటికి మచ్చ దాదాపు కనిపించదు.

ప్రమాదాలు ఉన్నాయి, దాచను. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది రెండుగా కనిపించడం. అంతకుముందు లేనివాళ్ళకు కొత్తగా రావచ్చు, మీలా కొంచెం ఉన్నవాళ్ళకు పెరగవచ్చు. ముక్కు వైపు, కింది గోడలు తీసినప్పుడు ఇది ఎక్కువ. చెవి వైపు గోడతో తక్కువ. ముక్కు వైపూ చెవి వైపూ కలిపి సమానంగా తీస్తే తగ్గుతుందని చాలామంది సర్జన్లు ఆ పద్ధతి ఎంచుకుంటారు. కింది గోడ తీస్తే బుగ్గ, పై పెదవి, పై పళ్ళ దగ్గర తిమ్మిరి వస్తుంది, చాలామందికి నెలల మీద తగ్గుతుంది. చెవి వైపు గోడ తీసిన కొందరికి నమిలేటప్పుడు చూపు అదురుతున్నట్టు ఉంటుంది. చూపు పోవడం, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం చాలా అరుదు. అరుదే గానీ, సంతకం పెట్టే ముందు ఆ మాట సర్జన్ నోట వినాలి. ప్రమాదాలేమీ లేవని చెప్పే సర్జన్ దగ్గర నేనైతే చేయించుకోను.

మెల్లకన్ను ఆపరేషన్ మీకు అవసరమవుతుందో లేదో డీకంప్రెషన్ తర్వాత కొన్ని నెలలకు గానీ తేలదు. అప్పటిదాకా రెండు బొమ్మలను ఒక్కటిగా కలిపేందుకు అద్దాలకు అంటించే ప్రిజం పొర వాడుకోవచ్చు. ఆపరేషన్లో బిగిసిన కండరాన్ని వెనక్కి జరిపి కుడతారు. తర్వాత మెలకువలో చూపు చూసి సరిచేసుకునేందుకు వీలుగా దారం ముడి ఖాయం చేయకుండా వదిలే పద్ధతి కూడా ఉంది. ఒక మాట ముందే తెలుసుకోండి. ఏ వైపు చూసినా ఒక్కటిగానే కనిపించేలా చేస్తామని ఎవరూ చెప్పలేరు. ఎదురుగా చూసినప్పుడు, కిందికి చూసి చదివేటప్పుడు ఒక్కటిగా కనిపిస్తే ఆ ఆపరేషన్ సఫలమైనట్టే.

రెప్పల దగ్గరికి వద్దాం, మీరు అడిగింది దాన్ని గురించే కదా. మామూలుగా పై రెప్ప నల్లగుడ్డు పై అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంచుతుంది. అది పైకి పోయి నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపిస్తే చూసేవాళ్ళకు కోపం, బెదురు, ఆశ్చర్యం, వీటిలో ఏదో ఒకటిగా తోస్తుంది. మీరు మనసులో నవ్వుతున్నా సరే. అందుకే, మూడు ఆపరేషన్లలోనూ మిల్లీమీటరుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది రెప్పలదే అని నా అభిప్రాయం. రెప్పను పైకి లాగే కండరాలను సడలించి, కావలసినంత దించుతారు. చాలాచోట్ల స్థానికంగా మత్తు ఇచ్చి, మధ్యలో లేపి కూర్చోబెట్టి, రెండు వైపులా సరిపోయిందా అని చూసుకుంటూ చేస్తారు. అయినా ఇది అంకెల ప్రకారం నడిచే పని కాదు. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా కొందరిలో కొంచెం ఎక్కువో తక్కువో అవుతుంది, మళ్ళీ సరిదిద్దాల్సి వస్తుంది. ముఖ్యంగా చెవి వైపు అంచు మొండికేస్తుంది. కింది రెప్ప లేపాలంటే ఊతగా అంగిలి పొరో, చెవి మృదులాస్థో ముక్క పెడతారు. కళ్ళ కింద సంచుల్లా వేలాడే కొవ్వు తీయడం అన్నిటికంటే ఆఖరు. ఆ పనిలో చర్మం ఎక్కువ తీయొద్దని అడగండి. చర్మం తగ్గితే కన్ను మూతపడటం మళ్ళీ కష్టమవుతుంది.

ఈ ఆగే నెలల్లో ఊరికే కూర్చోనక్కర్లేదు. పై రెప్పలోకి బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే మూడు నెలల పాటు అది దిగి ఉంటుంది. కొందరికి రెప్పలోకి ఎక్కించే జెల్, అంటే హైలురానిక్ ఫిల్లర్‌తోనూ దించుతారు. రెండూ తాత్కాలికమే, ఒక్కోసారి ఎక్కువ దిగిపోతుంది, కాబట్టి ఈ జబ్బు తెలిసిన చేతికే ఇవ్వాలి. పగలు కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, తల కింద ఎత్తు, బయటికి లేత రంగు అద్దాలు. ఈ మాత్రం చేసినా పొద్దుటి వాపు తగ్గుతుంది. జబ్బు తొలి రోజుల్లో, తక్కువగా ఉన్నప్పుడు సెలీనియం బిళ్ళలు ఆరు నెలలు ఇస్తారు. మీరున్న దశలో దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. థైరాయిడ్ మళ్ళీ పెరిగి, దాన్ని అణచే రేడియో అయొడిన్ మాట వస్తే, మీ కళ్ళ సంగతి ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి. దానివల్ల కళ్ళు ముదిరే అవకాశం ఉంది.

ఇక సిగరెట్. ఈ జబ్బును ముదిరేలా చేసేవాటిలో మన చేతుల్లో ఉన్నది అన్నిటికంటే పెద్దది పొగే. తాగేవాళ్ళకు మందులు కూడా సరిగా పనిచేయవు. మీరు తాగరు, మంచిదే. పక్కవాళ్ళ పొగ కూడా మీ కళ్ళకు వద్దు. ఎముకల గురించి అంత బెంగపడుతున్న మనిషి ఇంట్లో సిగరెట్ ముట్టించడం ఇవాళే మానెయ్యవచ్చు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి, నేను రాశానని చెప్పండి.

కొత్త మందుల గురించి మీరు అడగకపోయినా ఎక్కడో ఒకచోట వింటారు. టెప్రొటుముమాబ్ అనే మందుకు 2020 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. మూడు వారాలకోసారి, మొత్తం ఎనిమిది సార్లు నరంలోకి ఎక్కిస్తారు. ముందుకొచ్చిన గుడ్డును చాలామందిలో ఆపరేషన్ లేకుండానే వెనక్కి తెచ్చింది. కానీ వినికిడి దెబ్బతినవచ్చు, షుగర్ పెరగవచ్చు, గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. ఆపేశాక కొందరిలో గుడ్డు మళ్ళీ ముందుకు వస్తోంది. ఖరీదు విపరీతం, అన్ని దేశాల్లోనూ దొరకదు. దొరికే చోట ఉంటే అడగండి, దొరకకపోతే ఏదో పోగొట్టుకున్నామని కుమిలిపోకండి.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కు జబ్బుకు ముందు తీసిన ఫొటోలు, నవ్వకుండా ఎదురుగా చూస్తున్నవి, రెండు మూడు పట్టుకెళ్ళండి. కొందరికి పుట్టుకతోనే కళ్ళు కాస్త పెద్దవి. సర్జన్‌కు గురి పెట్టాల్సిన ముఖం ఏదో ఆ ఫొటోలే చెబుతాయి. చాలామంది ఆ ముఖానికి బాగా దగ్గరగా వెళ్తారు, అచ్చంగా అదే మాత్రం రాదు. స్కాన్ చూపించి, మీ విషయంలో ఏ గోడలు, ఎందుకు, రెండుగా కనిపించడం పెరిగితే తర్వాత ఏం చేస్తారు అని అడగండి. ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారని కూడా అడగవచ్చు, అందులో మొహమాటం ఏమీ లేదు. మొదటి డాక్టర్‌ను కూడా ఒకటి అడగండి: నాకు పైకి చూస్తే రెండుగా కనిపిస్తోంది, మీరు రెప్పలు దించాక కండరం ఆపరేషన్ కావాల్సి వస్తే ఏమవుతుంది? ఆయన జవాబు మీకు నచ్చితే సరే, లేకపోతే రెండో డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

సెలవు ఒకేసారి పెట్టకండి. డీకంప్రెషన్‌కు రెండు మూడు వారాలు కావాలి. కమిలిన నలుపు తగ్గి నలుగురిలోకి వెళ్ళడానికి అంత పడుతుంది, లోపలి వాపు పూర్తిగా దిగడానికి నెలలు. కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, బరువులెత్తకూడదు. విమానం ఎక్కాలంటే సర్జన్‌ను అడిగి ఎక్కాలి. రక్తం పలచబరిచే మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. కండరాలకు, రెప్పలకు ఒక్కోదానికి వారం నుంచి రెండు వారాలు. ఒక్కో ఆపరేషన్‌కు మధ్య రెండు మూడు నెలల ఎడం ఉంటుంది. మూడూ కావాల్సి వస్తే మొత్తం ఏడాది దాకా పడుతుందని ఇప్పుడే ఆఫీసులో చెప్పి ఉంచండి. రెండుగా కనిపిస్తున్నన్నాళ్ళు బండి నడపొద్దు, ఆ రోజులకు ఎవరు దిగబెడతారో కూడా చూసుకోండి. తేదీ మాత్రం ఇప్పుడే ఖాయం చేసుకోకండి, ఆరు నెలల కొలతలు చేతికి వచ్చాకే.